అన్నిటికీ ఒకే నలుపు కొట్టించకండి

పాత కారు ముందు భాగం విప్పి రీస్టోర్ చేస్తుంటే, నల్లగా కనిపించిన ప్రతిదానికీ తళతళలాడే పెయింట్ కొట్టించేయకండి. ఫ్యాక్టరీలో రేడియేటర్ సపోర్ట్ (రేడియేటర్‌ను పట్టి ఉంచే ఫ్రేమ్) లాంటివాటికి ఎక్కువగా సెమీ గ్లాస్ నలుపే, అంటే సగం మెరుపుండేదే, వేసేవారు. 1960ల నాటి చాలా షెవర్లేల్లో బానెట్ హింజ్‌లకైతే అసలు పెయింటే ఉండదు, బూడిదరంగు ఫాస్ఫేట్ పూత ఒక్కటే. దానికి పల్చగా నూనె రాస్తుంటే త్వరగా తుప్పు పట్టదు.

మీ కారు సంగతి తెలియాలంటే, శాండ్‌బ్లాస్టింగ్‌కు (ఇసుక చిమ్మి పాత పూత తీసేసే పనికి) పంపకముందే హారన్ బ్రాకెట్ వెనక, బోల్టు వాషర్ల కింద చూడండి. ఎండ తగలని ఆ కాస్త చోట అసలు ఫినిష్ మిగిలి ఉండొచ్చు. మెత్తటి గుడ్డతో తుడిచి ఫొటో తీసుకోండి. తడి మీద ఏ నలుపైనా మెరుస్తుంది కాబట్టి, కొత్త పెయింట్‌ను ముందు రేకు ముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరాకే ఆ పాత ఫినిష్ పక్కన పెట్టి పోల్చండి.