ఆరు ఇళ్ల వాడుక నీళ్లతో అరటి చెట్లు

మాది అనంతపురం జిల్లాలో చిన్న ఊరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే. అలాంటి చోట మా వీధిలో ఆరు ఇళ్ల స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు రోడ్డు మీద నిలిచి దోమలను పెంచేవి. ఇప్పుడు అవే పన్నెండు అరటి చెట్లను, రెండు మునగ చెట్లను సాకుతున్నాయి.

మీరూ చేయాలనుకుంటే ముందు పైపులు వేరు చేయండి. మరుగుదొడ్డి నీళ్లు ఇందులో చుక్క కూడా కలవకూడదు. ఎవరెంత చెప్పినా ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. వంటింటి నీళ్లకు జల్లెడ, ఆ తర్వాత జిడ్డు పైకి తేలి ఆగిపోయేలా చిన్న తొట్టి కావాలి. మేం మొదట్లో తొట్టి కట్టలేదు. నెల తిరక్కుండానే నీళ్లు వెళ్లే గుంతలోని కంకర జిడ్డుతో మూసుకుపోయింది, అంతా తవ్వి కడుక్కున్నాం.

తొట్టి దాటాక నీరు ఇంకిపోని కంకర గుంత. అందులో మెట్టతామర దుంపలు నాటండి. వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. నీళ్లు కంకర పైకి కనిపించకపోతే దోమల టెన్షన్ ఉండదు.

బయటికొచ్చిన నీళ్లను ఒక రోజుకు మించి నిల్వ ఉంచొద్దు, కంపు కొడతాయి. చెట్ల మొదళ్లకే పారించండి. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగికి అసలే వద్దు. సబ్బుపొడిలోని సోడియం నేలను గట్టిపరుస్తుంది, అందుకే పొడి తగ్గించాం. వానలప్పుడు పైపును పక్కకు తిప్పేస్తాం, నేలలో చేరిన ఆ సోడియం ఉప్పును వాన నీళ్లే కడిగేస్తాయి.

జల్లెడ కడిగే వంతు ఇంటికొక రోజు. మాది శనివారం.