బెంగళూరు మిద్దె మీద కాక్టస్‌లు పూయించడం ఎలా?

చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ కట్టేది మొక్కకు చలి తగలకుండా. బెంగళూరులో ఆ బెడద లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉండే పదిహేను డిగ్రీల చలి కాక్టస్‌కు మేలే చేస్తుంది. ఇక్కడ దాన్ని కుళ్లబెట్టి చంపేది జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వాన. అందుకే మనకు కావలసింది నాలుగు వైపులా గాలాడే పెద్ద గొడుగులాంటి పందిరి.

పందిరి

రోజుకు ఐదారు గంటలైనా ఎండ పడే చోటు చూసుకోండి. ఇనుప పైపుల చట్రం మీద 200 మైక్రాన్ల మందం ఉండి ఎండను తట్టుకునే యూవీ పాలిథిన్ షీటు వేయండి, అదీ పైకప్పుకు మాత్రమే. పక్కలకు నెట్ చాలు. ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గితే ఏప్రిల్‌లో లోపల ఉడికిపోతుంది. మార్చి నుంచి మే దాకా షేడ్‌నెట్ కావాలి. దాన్ని షీటు పైన పరవాలి, లోపల కడితే వేడి కిందకే దిగుతుంది. మామిడి వానలతో వచ్చే ఈదురుగాలికి చట్రం లేచిపోకుండా మిద్దె గోడకు గట్టిగా బిగించండి.

ఏ మొక్కలు కొనాలి?

మామిలేరియా, రెబ్యూషియా, జిమ్నోకాలీషియం చిన్న వయసులోనే పూస్తాయి. మొదట వాటితో మొదలుపెట్టండి. గుండ్రంగా బంగారు ముళ్లతో ఉండే గోల్డెన్ బ్యారెల్ అందమైనదే, కానీ అది పూయడానికి పదిహేను ఇరవై ఏళ్లు పట్టొచ్చు. పచ్చటి కాండం మీద ఎర్రటి గుండ్రటి ముద్దను అంటుకట్టి అమ్మేదాన్ని పువ్వు అనుకోకండి, అది పత్రహరితం లేని కాక్టసే. కొన్నిచోట్ల ఎండుపూలను జిగురుతో అతికించి మరీ అమ్ముతారు; కొనేముందు ఒకసారి వేలితో కదిపి చూడండి. మనవాళ్లు అర్ధరాత్రి హారతి పట్టే బ్రహ్మకమలమూ ఈ కుటుంబానిదే. కాకపోతే అది నీడను, తేమను కోరే అడవి మొక్క, దాన్ని ఈ పందిరిలోకి తేవద్దు.

మట్టి

పోసిన నీళ్లు క్షణాల్లో అడుగు నుంచి కారిపోవాలి. రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు శనగగింజంత ఇటుక ముక్కలు, ఒక పాలు బాగా మాగిన ఆకుల ఎరువు. ఎం-శాండ్ (రాళ్లను పొడిచేసి తీసే ఇసుక) వాడితే జల్లించి, కడిగి, ధూళి పోగొట్టాలి. ఎర్రమట్టి వద్దు, తడిస్తే గట్టిపడుతుంది.

నీళ్లు

పువ్వంతా ఆధారపడేది దీని మీదే. మార్చి నుంచి అక్టోబరు దాకా మట్టి పూర్తిగా ఆరాకే నిండుగా పోయండి. రోజూ చెంచాడు చొప్పున పోసే అలవాటు అన్నిటికన్నా చెడ్డది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే షీటు మీద నుంచి జారే వాననీటిని డ్రమ్ములో పట్టుకోండి.

నవంబరులో తగ్గిస్తూ వచ్చి డిసెంబరు, జనవరిలో దాదాపు ఆపేయాలి. మొక్క కాస్త ముడుచుకుంటుంది. జాలిపడి నీళ్లు పోశారో, ఆ ఏడు ఒళ్లు పెరుగుతుందే తప్ప పువ్వు రాదు. చలి, ఎండుదనం కలిసిన ఆ రెండు నెలల విశ్రాంతిలోనే మొగ్గకు పునాది పడుతుంది. ఏడాది నిండని పిల్లమొక్కలకు మాత్రం నెలకోసారి కొద్దిగా తడి తగలనివ్వండి.

ఫిబ్రవరి చివర మొగ్గ స్పష్టంగా కనిపించాకే మళ్లీ మొదలుపెట్టండి. తొందరపడితే ఎకినాప్సిస్ అనే రకం కాక్టస్‌లో మొగ్గ పిలకగా మారిపోవచ్చు. ఎరువుగా 0:52:34 (నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే ఉండేది) లీటరు నీటికి అర గ్రాము మించకుండా, నెలకోసారి చాలు. యూరియా దగ్గరికి రానివ్వకండి. ఎకినాప్సిస్ పువ్వుల్లో చాలావరకు సాయంత్రం విచ్చుకుని మర్నాటికే వాడిపోతాయి, ఆ రాత్రి నిద్ర మానుకోవలసిందే.

అయినా పూయకపోతే

ముందు ఎండ సరిపోతోందో లేదో చూడండి. అది బాగానే ఉంటే మడిచిన పాత పేపరుతో మొక్కను పట్టుకుని కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. తెల్లటి బూజులా కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు. వేళ్లను నీళ్లతో శుభ్రంగా కడిగి, నీడలో వారం ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. ఆ తరువాత ఇంకో వారం దాకా నీళ్లు పోయొద్దు.