సభ్యత్వ నమోదు, ప్రచారం మొదలుపెట్టే ముందు: చిన్న సేవా సంస్థలు తీసుకోవలసిన జాగ్రత్తలు

ప్రచారం మొదలుపెడుతుంటే చిన్న సంస్థలన్నిటికీ ఒకటే బెంగ, ఎవరూ రారేమోనని. కానీ అసలు ఇబ్బంది జనం వచ్చినప్పుడే మొదలవుతుంది. పోస్టర్ చూసి ముప్పై మంది ఫోన్ చేస్తారు, ఎత్తే మనిషి ఉండడు. ఎత్తినా "మీటింగ్ పెట్టినప్పుడు చెబుతాం లెండి" అంటారు. అలా వెనక్కి వెళ్లినవాళ్లు మళ్లీ రారు సరికదా, ఎవరైనా అడిగితే "వాళ్లకు మనుషులు అక్కర్లేదులే" అని చెబుతారు. అందుకే కరపత్రం డిజైన్ గురించి ఆలోచించడానికి ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి.

మొదట తలలు లెక్కపెట్టండి. రిజిస్టర్‌లో ఉన్న పేర్లు కాదు, గడిచిన మూడు నెలల్లో కనీసం రెండుసార్లు పనికి వచ్చినవాళ్లను. అనుభవం ఉన్న ఒక వాలంటీరు ఒకేసారి ఇద్దరు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని పని నేర్పగలరు. మూడో మనిషి చేరితే, ఎవరో ఒకరు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉండిపోతారు. అంటే పనిచేసేవాళ్లు ఎనిమిది మంది ఉంటే ఈ విడతకు పదహారు మందే. వంద మంది కావాలనిపిస్తే విడతలు పెంచండి గానీ, పోస్టర్లు కాదు.

ఆ పదహారు మందికీ పని రాసిపెట్టాలి, కాగితం మీద: ఏ పని, ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎంతమంది కావాలి, ఏం తెచ్చుకోవాలి, వెళ్లాక ఎవరిని కలవాలి. మూడు రకాలు సిద్ధంగా ఉంటే మంచిది. ఇంట్లో కూర్చుని గంటలో అయ్యేవి (ఫోన్లు చేయడం, వివరాలు ఎక్కించడం), సగం పూట పట్టేవి, ప్రతి నెలా ఒకరు బాధ్యత తీసుకోవలసినవి. చేరిన పది రోజుల్లోపు మొదటి పని చేతికి రాకపోతే ఆ మనిషి జారిపోతాడు. కొత్తవాళ్లను మొట్టమొదట కార్యవర్గ సమావేశానికి పిలవడం చాలాచోట్ల చేసే పొరపాటు. పాత తీర్మానాలు, ఎవరికీ అర్థంకాని పాత గొడవలు రెండు గంటలు విని వెళ్లినవాళ్లు రెండోసారి వస్తారని ఆశించకండి.

సభ్యులు వేరు, వాలంటీర్లు వేరు

పోస్టర్ మీద "సభ్యులుగా చేరండి" అని వేసే ముందు మీ నియమావళి తీసి చదవండి. సభ్యుడంటే చాలా సంస్థల్లో ఓటు హక్కు ఉన్న మనిషి. సర్వసభ్య సమావేశానికి రెండు వారాల ముందు ఒకే గుంపుగా నలభై మంది చేరితే, పాతవాళ్లు పాతిక మందే ఉంటే, కార్యవర్గం ఒక్క మధ్యాహ్నంలో చేతులు మారిపోతుంది. ఇది కుట్రే కానక్కర్లేదు, ఉత్సాహం ఎక్కువై కూడా జరుగుతుంది. చేరిన ఆరు నెలలకో, ఇన్నిసార్లు పనికి వచ్చాకో ఓటు వస్తుందన్న నిబంధన నియమావళిలో లేకపోతే, సవరణ పూర్తయ్యాకే నమోదు మొదలుపెట్టండి. అప్పటిదాకా కరపత్రంలో "వాలంటీర్లు కావాలి" అన్న మాటే చాలు.

ఫోన్ నంబరు, ఫారం, గ్రూపు

పోస్టర్ మీద వేసిన నంబరు గోడ మీద ఏళ్ల తరబడి ఉంటుంది. కార్యదర్శి సొంత నంబరు వేస్తే, ఆయన పదవి దిగిపోయాక కూడా ఫోన్లు ఆయనకే వస్తాయి. సంస్థ పేరున వేరే సిమ్ తీసుకోండి, ఇద్దరు వంతులవారీగా చూసుకోవాలి. వచ్చిన ప్రతి ఫోనుకూ, మెసేజ్‌కూ ఒక రోజులో జవాబు వెళ్లాలి, ఎంత ఆలస్యమైనా రెండు రోజులు దాటకూడదు. తరచూ అడిగే నాలుగైదు ప్రశ్నలకు జవాబులు ముందే రాసుకుంటే వంతుకొక మాట రాదు. ప్రచారానికి ముందు రోజు బయటి మనిషి ఒకరితో, ఎవరికీ చెప్పకుండా, ఆ నంబరుకు ఫోన్ చేయించండి. ఏమవుతుందో చూస్తే సగం లోపాలు అక్కడే బయటపడతాయి.

ఫారంలో అడగవలసినవి ఐదే: పేరు, ఫోన్, ఉండే ప్రాంతం, ఖాళీ దొరికే వేళలు, చేయగలిగిన పని. వీటికి తోడు పద్దెనిమిదేళ్లు నిండాయా లేదా అన్నది అవును-కాదు ప్రశ్నగా చాలు, నిండకపోతే పెద్దవాళ్ల సంతకం తీసుకోవాలి. గుర్తింపు కార్డు నంబరు, పుట్టినతేదీ, కులమతాలు అడగకండి. మీకు అవసరం లేని వివరం మీ దగ్గర ఉంటే, అది బయటపడిన రోజున జవాబు చెప్పవలసింది మీరే. గూగుల్ ఫారం వాడుతుంటే రెండు చోట్ల చూసుకోండి. జవాబుల సారాంశాన్ని నింపినవాళ్లకు చూపించే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండాలి. జవాబులు చేరే షీట్ "లింక్ ఉన్న ఎవరైనా" అని ఉండకూడదు, ఇద్దరి పేర్లకే పరిమితం చేయాలి.

బల్ల మీద నోటు పుస్తకం తెరిచి "పేరు, నంబరు రాయండి" అనడం మరీ ప్రమాదం. పన్నెండో వరుసలో రాసే మనిషికి పైన పదకొండు మంది నంబర్లు కనబడతాయి, ఫోన్‌తో ఫొటో తీయడానికి రెండు సెకన్లు పడుతుంది. విడి చీటీలు ఇచ్చి, మూతకు సన్నటి కోత ఉన్న డబ్బాలో వేయించండి.

వాట్సాప్ గ్రూపుదీ అదే గొడవ. గ్రూపులో చేర్చగానే ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ తెలిసిపోతుంది. ఆడవాళ్లకు రాత్రిళ్లు అపరిచితుల నుంచి మెసేజ్‌లు మొదలయ్యేది ఇక్కడే. వాళ్లు ఫిర్యాదు చేయరు, మౌనంగా గ్రూపు వదిలేస్తారు, మీకు కారణం తెలియదు. ప్రకటనలకు చానెల్ పెట్టండి, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. కలిసి పనిచేసే చిన్న జట్లకు మాత్రమే గ్రూపులు. బ్రాడ్‌కాస్ట్ లిస్టును నమ్ముకోకండి, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ చేరనే చేరదు. గ్రూపు లింకును పోస్టర్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. ఎవరికైనా పంపవలసి వస్తే, అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా పెట్టి, విడత ముగియగానే లింకును రీసెట్ చేయాలి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు కనీసం ఇద్దరు అడ్మిన్లు, ఇద్దరికీ రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) ఉండాలి. పేజీకి పేరొచ్చిన వారంలోనే "కాపీరైట్ ఉల్లంఘన, ఇరవై నాలుగు గంటల్లో పేజీ తొలగిస్తాం" అంటూ లింకుతో మెసేజ్ వస్తుంది. అది పేజీ కొట్టేసేవాళ్ల పని. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని అడ్మిన్లకు ముందే గట్టిగా చెప్పండి.

అచ్చుకు పంపే ముందు

తెలుగు పోస్టర్‌కు ఒక ప్రత్యేకమైన గండం ఉంది. యూనికోడ్‌లో టైపు చేసిన మ్యాటర్ ప్రెస్‌లో ‘అను’ ఫాంట్లలోకి (అచ్చు పనికి వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) మారేటప్పుడో, పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడో ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు విడిపోతాయి. "స్వచ్ఛంద" అన్న మాట చెక్కుచెదరకుండా వచ్చిందా లేదా చూస్తే చాలు, మిగతాది ఎలా ఉందో తెలిసిపోతుంది. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే ఇమిడ్చిన) పీడీఎఫ్, లేదా అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే బొమ్మ గీతలుగా మార్చిన ఫైలు పంపండి. అంచుల చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి, అక్షరాలన్నీ కత్తిరింపు గీతకు 5 మి.మీ. లోపలికే ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారిన లోగో వాడితే అచ్చులో మసకబారుతుంది, అసలు ఫైలు వెతికి పట్టుకోండి.

ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా) వచ్చాక ఒకరు నంబరును అంకె అంకెగా పైకి చదవాలి, ఇంకొకరు దాన్ని ఫోన్‌లో నొక్కి మోగించాలి. తేదీ పక్కన వారం వేస్తే క్యాలెండర్‌తో పోల్చండి. తారీఖు మారి వారం పాతదే మిగిలిపోవడం తరచూ దొర్లే తప్పు. మొదట యాభై కాపీలు చాలు.

క్యూఆర్ కోడ్ వెడల్పు, చూసే దూరంలో పదో వంతు ఉండాలి. చేతిలో పట్టుకునే కరపత్రానికి 2 నుంచి 2.5 సెం.మీ. సరిపోతుంది, మీటరున్నర దూరం నుంచి చూసే పోస్టర్‌కు 15 సెం.మీ. కావాలి. ముదురు రంగు గడులు, లేత నేపథ్యం, చుట్టూ నాలుగు గడులంత ఖాళీ. మెరిసే లామినేషన్ వేస్తే లైటు పడి స్కాన్ కాకపోవచ్చు. ఉచితంగా కోడ్ చేసిచ్చే కొన్ని సైట్లు గడువు దాటాక దాన్ని ఆపేస్తాయి, అప్పుడు గోడ మీద పోస్టర్లన్నీ దండగ. కోడ్ మీ సొంత పేజీకి నేరుగా వెళ్లాలి, మార్పులేమన్నా ఆ పేజీలో చేసుకోవచ్చు. డబ్బు చెల్లించే క్యూఆర్ అయితే కింద ఖాతా పేరు అచ్చువేయండి. ఆ క్యూఆర్ మీద వేరే క్యూఆర్ స్టిక్కర్ అతికించే మోసగాళ్లున్నారు, అటు వెళ్లినప్పుడల్లా గోరుతో గీకి చూడండి.

ఫొటోలు, అంకెలు, డబ్బు

సాయం అందుకుంటున్న మనిషి చేయి చాచిన ఫొటో ప్రచారానికి పనికొస్తుందనుకుంటారు. నిజానికి అది చూసిన పక్కవీధి మనిషి, అవసరం ఉన్నా మీ దగ్గరకు రాడు. పనిచేస్తున్న వాలంటీర్ల ఫొటోలు వేయండి, అది చూసే కొత్తవాళ్లు తామూ చేయగలమనుకుంటారు. లబ్ధిదారుల ముఖం వేయవలసి వస్తే, ఎక్కడ వేస్తారో చెప్పి అనుమతి తీసుకోండి, వద్దన్న రోజున తీసేస్తామని కూడా చెప్పండి. సాయం చేతికిచ్చే ముందు అడిగితే అది అనుమతి కాదు, ఒత్తిడి. ఇచ్చేశాక, తీరిగ్గా అడగాలి. పిల్లల ఫొటోల్లో యూనిఫాం, బడి బోర్డు, ఇంటి నంబరు కనబడకూడదు. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరాలు అందులోనే ఉండిపోతాయని గుర్తుంచుకోండి. విలేకరి అడిగినా సరే, లబ్ధిదారుల నంబరు వాళ్లనడక్కుండా ఇవ్వకూడదు.

ఐదు వందల పొట్లాలు పంచి "ఐదు వందల కుటుంబాలు" అని రాయొద్దు. ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లి ఉండొచ్చు. "ప్రతి పైసా పేదలకే" అన్న మాట కూడా వద్దు. ఆ పోస్టర్ అచ్చు ఖర్చు ఎక్కడిదని ఎవరో ఒకరు అడుగుతారు.

విరాళం దేనికని అడిగితే దానికే వాడాలి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ ‘లిబర్టీ ఫండ్’ పేరిట వసూలు చేసి, అందులో కొంత భవిష్యత్ అవసరాలకు పక్కనపెడతామనేసరికి దాతలు మండిపడ్డారు. చివరకు ఆ నిధంతా బాధితులకేనని ప్రకటించక తప్పలేదు. అంత పెద్ద సంస్థ తట్టుకుంది, పదిమంది సంస్థ తట్టుకోలేదు. "మిగిలితే సంస్థ ఇతర పనులకు వాడతాం" అన్న ఒక్క వాక్యం కరపత్రంలో ముందే ఉండాలి. వస్తువులు అడిగేటప్పుడు ఏవి వద్దో కూడా రాయండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి, తీసుకున్నవాళ్లు లేరు.

ఖాతా సంస్థ పేరున, ఇద్దరి సంతకాలతో నడవాలి. రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రిజిస్టర్‌లో ఉండాలి. విరాళాల డబ్బాకు సీలు వేసి, విప్పేటప్పుడు బంధువులు కాని ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకం చేయాలి. ఆటో ఖర్చుకని డబ్బాలోంచి తీయడం మొదలైతే లెక్క ఎప్పటికీ కుదరదు.

కొత్తవాళ్లను మొదటి మూడు నెలలు పిల్లలతో, వృద్ధులతో ఒంటరిగా ఉంచకండి, నగదు చేతికివ్వకండి. తెలిసినవాళ్లిద్దరి పేర్లు అడిగి, నిజంగానే ఫోన్ చేసి కనుక్కోండి. ఈ నియమం అందరికీ ఒకటేనని ఫారంలోనే రాస్తే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకుని గట్టిగా వాదించే మనిషి విషయంలో ఇంకాస్త ఆగడమే నయం.

ఆపడం కూడా ముందే నిర్ణయించుకోండి

పత్రికలో వార్తో, ఎవరో పెట్టిన వీడియోనో పాకితే రెండు మూడు రోజుల్లో ఫోన్లన్నీ ఒక్కసారి వస్తాయి. ముఖ్యులు ఊళ్లో లేని వారంలో ప్రచారం పెట్టకండి. పదహారు పేర్లు నిండగానే ఫారం మూసి, "ఈ విడత నమోదు పూర్తయింది, మీ నంబరు ఇస్తే తర్వాతి విడతకు మేమే ఫోన్ చేస్తాం" అన్న మెసేజ్ పెట్టాలి. అది ఎవరు పెడతారో ముందే పేరు రాసుకోండి. గడువు దాటిన వారంలోపు పోస్టర్లు అతికించినవాళ్లే వెళ్లి తీసేయాలి. ఎక్కడెక్కడ అతికించారో జాబితా లేకపోతే అది జరగదు, కాబట్టి అతికించేటప్పుడే రాసుకోండి.