పండగ సేల్ ముందు డెలివరీ తమ్ముళ్లకి: సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) డబ్బు మీ సొంత నంబర్‌కి వేయించుకోకండి

పోయిన నెల మా హబ్‌లో (పార్సిళ్లు తీసుకుని, క్యాష్ కట్టే ఆఫీసు) ఒక కుర్రాడి బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయింది. రాత్రి ఎనిమిదింటికి 11,000 రూపాయల సీఓడీ మొబైల్ డెలివరీకి వెళ్లాడు. కస్టమర్ చేతిలో క్యాష్ లేదు. మన యాప్‌లో వచ్చిన క్యూఆర్ స్కాన్ అవట్లేదన్నాడు. "అన్నా, నీ నంబర్‌కే కొట్టేస్తాను, నువ్వు క్యాష్ కట్టేసుకో" అన్నాడు. డబ్బు పడింది. దొంగ మెసేజ్ కాదు, నిజంగానే పడింది. మనవాడు దారిలో ఏటీఎంలో డ్రా చేసి హబ్‌లో మొత్తం కట్టేశాడు. తొమ్మిదో రోజు పెట్రోల్ కొట్టించుకుని స్కాన్ చేస్తే పేమెంట్ వెళ్లలేదు. బ్యాంకుకి వెళ్తే సంగతి తెలిసింది. ఆ 11,000 వేరే రాష్ట్రంలో ఎవరి ఖాతాలోంచో కాజేసిన డబ్బు, దాని మీద సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఉంది. అతని జీతం, ఇంటి అద్దెకి దాచుకున్నది అన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు.

దసరా సేల్ దగ్గరికొచ్చింది, వెనకే దీపావళి. హెల్మెట్, ఫోన్ ఛార్జింగ్, వాన కవర్లు... ఇవి మీకు చెప్పక్కర్లేదు. నేను ఆరేళ్లు బండి మీద తిరిగాను, ఇప్పుడు హబ్‌లో క్యాష్ తీసుకునే టేబుల్ దగ్గర కూర్చుంటున్నాను. ఈ టేబుల్ ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్న వాళ్లలో చాలామంది చేసింది ఒకే తప్పు. కంపెనీ డబ్బుని తమ డబ్బుతో కలిపారు. అందుకే ఆ ఒక్కదాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

సొంత నంబర్ సంగతి

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తే, ఆ డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోయిందో వరసగా పట్టుకుంటూ వస్తారు. ఆ దారిలో మీ ఖాతా ఉంటే దాని మీదా హోల్డ్ పడుతుంది. ఒక్కోసారి ఆ అమౌంట్ వరకే ఆపుతారు, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆగిపోతుంది. మీరు పార్సిల్ ఇచ్చి డబ్బు తీసుకున్నారన్న సంగతి బ్యాంకు వాళ్లకి ఎలా తెలుస్తుంది? మీరే రుజువు చేసుకోవాలి. అదీ ఫిర్యాదు నమోదైన చోటి పోలీసులకి, భాష రాకపోయినా సరే.

దొంగ డబ్బు కాకపోయినా గండమే. కంపెనీ లెక్కలో ఆ ఆర్డర్ 'క్యాష్' అని మీ పేరు మీదే ఉంటుంది. డబ్బేమో మీ ఖాతాలో పడింది. ఆ రాత్రే బండి ఈఎంఐ ఆటోపే కట్ అయిందనుకోండి, పొద్దున్నే డ్రా చేద్దామంటే బ్యాలెన్స్ ఉండదు. ఇటు హబ్‌లో షార్టేజ్ రాస్తారు. లోడ్ రెట్టింపయ్యే సేల్ రోజుల్లో ఇలాంటివి రెండు మూడు పడితే ఏ రోజు ఎంత తేడా వచ్చిందో మీకే గుర్తుండదు. ఆ పైన కస్టమర్ ఏదో కోపంతో "డెలివరీ బాయ్ తన సొంత నంబర్‌కి వేయించుకున్నాడు" అని స్క్రీన్‌షాట్ పెడితే, చూసేవాళ్లకి మీరు కాజేసినట్టే కనిపిస్తుంది. చేతికి అప్పగించిన డబ్బు సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం కేసు పెట్టొచ్చు. ఆ పని చేసింది ఉద్యోగి అయితే 7 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

ఈ తప్పు వేరే వేషాల్లో కూడా వస్తుంది. "నీ బ్యాగ్‌లో క్యాష్ ఉందిగా, ఒక ఐదు వేలు ఇవ్వు, నీకు ఫోన్‌పే చేస్తా" అని అడుగుతారు. అడిగేది కస్టమరే కావొచ్చు, దుకాణం ఆయన కావొచ్చు, మీతో పనిచేసేవాడే కావొచ్చు. ఇవ్వకండి. మోసగాళ్లకి కావాల్సింది అదే: దొంగ డబ్బు మీ ఖాతాలోకి, మంచి నోట్లు వాళ్ల జేబులోకి. మూడో వేషం మన లోపలే ఉంటుంది. "ఈ రోజు క్యాష్‌లోంచి రెండు వేలు తీసుకుంటా, రేపు కలిపేస్తా." రేపు రెండు వేలు ఇంకో రోజు కలెక్షన్‌లోంచి కలుపుతారు. అలా నెల రోజులు తిప్పినవాణ్ని చూశాను. చివరికి ఇంట్లో బంగారం పెట్టి కట్టాడు. మంచివాడే, పిల్లాడికి జ్వరమని మొదలుపెట్టాడు.

ఎంత తెలిసిన కస్టమరైనా, ఎంత చిన్న మొత్తమైనా, సొంత నంబర్‌కి వద్దు.

తలుపు దగ్గర

యాప్‌లో ఆర్డర్‌తో పాటు వచ్చే క్యూఆర్ ఆ ఆర్డర్‌కే కట్టి ఉంటుంది. డబ్బు అందితే మీ యాప్‌లోనే తెలుస్తుంది. అది కనిపించేదాకా పార్సిల్ మీ చేతిలోనే ఉండాలి. కస్టమర్ ఫోన్‌లో పచ్చ టిక్కు, టింగుమన్న శబ్దం లెక్కలోకి రావు, అచ్చం అలాగే చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. "నా ఖాతాలో కట్ అయింది, మీ యాప్‌లో రాకపోతే నా తప్పా?" అని గొడవపడతారు. మర్యాదగానే చెప్పండి: కట్ అయి వ్యాపారికి చేరని యూపీఐ డబ్బు 5 రోజుల్లోగా వెనక్కి రావాలని, దాటితే బ్యాంకు రోజుకి 100 రూపాయలు చొప్పున కట్టాలని రిజర్వ్ బ్యాంకు రూలే ఉంది. కావాలంటే రేపు మళ్లీ తెస్తానని చెప్పి రీషెడ్యూల్ పెట్టండి. ఒక డెలివరీ పోతే పోయింది.

నెట్‌వర్క్ లేని సెల్లార్‌లో, లిఫ్ట్ దగ్గర పేమెంట్ మొదలుపెట్టకండి. బయటికి రమ్మనండి.

క్యాష్ అయితే తలుపు దగ్గరే, కస్టమర్ చూస్తుండగా రెండుసార్లు లెక్కపెట్టండి. 500 నోటు వంచి చూడండి, మధ్యలో దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. కింద కుడివైపు 500 అంకె రంగు కూడా అలాగే మారుతుంది. ఎడమ కుడి అంచుల్లో వేలితో తడిమితే ఉబ్బెత్తుగా ఐదు గీతలు తగులుతాయి. రాత్రిపూట మెట్ల మీది గుడ్డి దీపం కింద ఇవేవీ తెలియవు, ఫోన్ టార్చ్ వేయండి. దొంగ నోటని అనుమానం వస్తే అక్కడే తిరిగిచ్చి వేరేది అడగండి. దొంగదని తెలిసి ఇంకొకరికి అంటగడితే అది మీ మీద నేరమవుతుంది.

ఇక మిగతావి వరసగా రాస్తున్నాను. సేల్ మొదలయ్యేలోపు ఒకసారి చదవండి.

2,000 నోటు తీసుకోకండి. చట్టం ప్రకారం చెల్లుతుంది కానీ 2023 అక్టోబర్ నుంచి మామూలు బ్యాంకు కౌంటర్‌లో జమ చేసుకోవడం లేదు.

10 రూపాయల నాణెం చెల్లుతుంది. అప్పటికి వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. దాని మీద గొడవ వద్దు.

పొద్దున చిల్లర మీ సొంత డబ్బుతో తీసుకెళ్తే ఎంతో రాసుకోండి, వేరే పర్సులో పెట్టండి.

సీఓడీ క్యాష్‌కి ఒక పౌచ్, మీ డబ్బుకి ఒక పర్సు. కలపొద్దు.

డబ్బు చేతికి రాకముందు 'డెలివర్డ్' నొక్కొద్దు. మీ టైమ్ అయిపోతున్నా నొక్కొద్దు.

"లోపల చూసి ఇస్తా" అంటే పార్సిల్ లోపలికి పోనివ్వొద్దు. ఓపెన్ బాక్స్ ఆర్డర్ అయితే మీ ముందే తెరవాలి, లేకపోతే ముందు డబ్బు. లోపలికి వెళ్లిన పెట్టెలో ఏం మారిందో మీరు నిరూపించలేరు.

రిటర్న్ తీసుకునేటప్పుడు సీరియల్ నంబర్ కలవకపోతే తీసుకోవద్దు.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగే స్క్రీన్ వచ్చిందంటే డబ్బు పోయేది మీదే.

కంపెనీ ఆఫీసు నుంచని ఫోన్ చేసి "మీ సీఓడీ ఈ నంబర్‌కి పంపండి" అంటే పంపొద్దు. హబ్‌లో కట్టి రసీదు తీసుకోండి.

సంతకం లేకుండా ఎవరి చేతికీ క్యాష్ ఇవ్వొద్దు. టీఎల్ (టీమ్ లీడర్) చేతికైనా సరే.

బ్యాగ్ బండి మీద వదిలి మేడ ఎక్కొద్దు.

ఈ రోజు ఎంత కలెక్షన్ వచ్చిందో టీ కొట్టు దగ్గర చెప్పొద్దు. వాట్సాప్ స్టేటస్‌లో అసలు వద్దు.

పెద్ద మొత్తం చేరితే మధ్యాహ్నమే హబ్‌కి వచ్చి కట్టి వెళ్లండి. రాత్రి దాకా మోయొద్దు.

కత్తి చూపిస్తే ఇచ్చేయండి. వెంటనే 112కి ఫోన్ చేయండి, తర్వాత హబ్‌కి.

సొంత నంబర్‌కి వద్దు. మీ ఆవిడ నంబర్‌కీ వద్దు, తమ్ముడి నంబర్‌కీ వద్దు. అది కూడా సొంత నంబరే.

ఇప్పటికే వేయించుకుని ఉంటే, ఆ డబ్బు ఖర్చుపెట్టొద్దు. పొరపాటున పడింది, ఇంకో నంబర్‌కి తిరిగి పంపమని ఎవరైనా ఫోన్ చేస్తే పంపొద్దు. ఆర్డర్ వివరం, డెలివరీ టైమ్, పన్నెండంకెల యూపీఐ లావాదేవీ నంబర్, హబ్‌లో కట్టిన రసీదు అన్నీ ఫోటో తీసి దాచండి. రేపు ఖాతా ఆగితే చేతిలో ఉండే కాగితాలు ఇవే. ఇవన్నీ మెసేజ్‌లో రాసి వెంటనే మీ టీఎల్‌కి పంపండి, నోటిమాటతో వదిలేయకండి.