తోతాపురి తాండ్ర పెట్టి అమ్మడం ఎలా

మామిడి తాండ్రకు బేనీషా (బంగినపల్లి) వాడితే రుచి బాగుంటుంది, కానీ గిట్టుబాటు కాదు. చిత్తూరు వైపు జూన్, జూలైల్లో చవగ్గా దొరికేది తోతాపురి. 2025లో దాని ధర పడిపోతే కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కాయను మండీలో పారబోసినట్టు అమ్మేకంటే తాండ్ర పెట్టుకోవడం మేలు.

పది కిలోల పండుకు తొక్క, టెంక పోను ఆరు కిలోల దాకా గుజ్జు వస్తుంది. పండు బాగా మాగాలి. కసురు ఉంటే తాండ్ర వగరుగా వస్తుంది, కుళ్లు మచ్చ ఉంటే లోతుగా కోసి తీసేయండి. గుజ్జును జల్లెడ పట్టి పీచు తీసి, కిలోకు 150 గ్రాముల చక్కెర, ఒక చెంచా నిమ్మరసం కలపండి. బెల్లమైతే కరిగించి వడగట్టాలి. రుచి వేరే లెవెల్, కానీ రంగు నల్లబడుతుంది, వానాకాలం త్వరగా తడి పీలుస్తుంది. అమ్మకానికి చక్కెరే నయం.

స్టీలు గిన్నెలో సన్న సెగ మీద, ఉడుకు మొదలయ్యాక పది నిమిషాలు కలుపుతూనే ఉండండి. అడుగంటితే ఆ మాడు వాసన చివరిదాకా పోదు. ఈ ఉడుకు ఎందుకంటే, పచ్చి గుజ్జు మబ్బు పట్టిన రోజు పులిసిపోతుంది, రంగు కూడా నల్లగా మారుతుంది.

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న స్టీలు పళ్లేనికి నెయ్యి పలచగా రాసి, ముప్పావు కిలో గుజ్జు పోసి పరచి ఎండలో పెట్టండి. పొర మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. పని త్వరగా అవుతుందని మందంగా పోస్తే పైన తోలు కట్టి, లోపలి తడి బయటికి రాలేక రెండు వారాలకే పొరల మధ్య బూజు పడుతుంది. వేలు పెడితే అంటుకోని దశలో, ఇంకా వంగుతుండగానే తర్వాతి పొర పోయాలి. మరీ ఎండాక పోస్తే పొరలు అతకవు, కోసేటప్పుడు రేకుల్లా విడిపోతాయి. పై పది కిలోల పండుకు ఎనిమిది, తొమ్మిది పొరలు వస్తాయి. ఎండాక అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ మందం, బరువు సుమారు రెండు కిలోలు.

దోమతెర గుడ్డ పళ్లేనికి తగలకుండా కట్టండి, లేకపోతే గాలికి దుమ్ము, ఈగలు తప్పవు. సాయంత్రం జల్లులు మామూలే కాబట్టి నాలుగింటికల్లా లోపల పెట్టేయాలి.

ఎండిందా లేదా అని అనుమానంగా ఉంటే ముక్క కోసి గాజు సీసాలో మూతపెట్టి ఒక రోజు నీడలో ఉంచండి. సీసా లోపలి వైపు తేమ చుక్కలు కనిపిస్తే ఇంకా ఎండ కావాలి.

లెక్క ఇలా చూసుకోండి: కిలో తాండ్రకు ఐదు కిలోల పండు, అర కిలోకు కాస్త తక్కువ చక్కెర. ఇవి కాక గ్యాసు, కవర్లు, మీ కూలి. కూలి వేసుకోకుండా ధర పెట్టడం ఊళ్లో ఇంటివంటలు అమ్మే ఆడవాళ్లంతా చేసే పొరపాటు. యాభై, వంద గ్రాముల ముక్కలు చేయండి, కిలో ముద్ద ఎవరూ కొనరు. ముక్కకు బటర్ పేపర్ చుట్టి, గాలి చొరని కవర్లో సీల్ చేయండి.

అమ్మేముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి. మీసేవ వాళ్లను అడిగినా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడతారు. లేబుల్ మీద ఆ 14 అంకెల నంబరు, శాకాహారమని తెలిపే పచ్చ చుక్క, ఏమేం కలిపారు, నికర బరువు, తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలి, ధర, చిరునామా ఉండాలి.

ఊరగాయకున్న నూనె కారే బెడద దీనికి లేదు, అందుకే బస్సెక్కే భక్తులు ధైర్యంగా కొంటారు. కాణిపాకం, తిరుచానూరు దారిలోని అంగళ్లకు ముందు పది ప్యాకెట్లే ఇచ్చి చూడండి. తిరుపతిలో మాత్రం కొండెక్కేవాళ్లకు కాదు, దిగివచ్చేవాళ్లకు అమ్మాలి. పైన ప్లాస్టిక్ నిషేధం, పైగా కొనేది ఊరికి తీసుకెళ్లడానికే.