రక్తపరీక్ష కాగితం చదువుకుందాం – ఐదో పాఠం: ఐజీఈ

గత పాఠంలో నేను వదిలేసిన ఒక మాటను ముందు పూర్తిచేయాలి. ఇసినోఫిల్ శాతాన్ని మొత్తం తెల్లకణాల సంఖ్యతో గుణించి వందతో భాగించమన్నాను. 9,000 కణాల్లో 8 శాతం అంటే 720. ఆ లెక్క దాదాపు అందరూ సరిగ్గానే చేశారు. అయితే పలమనేరు నుంచి ఒకరు, పుత్తూరు నుంచి ఇద్దరు అదే కాగితంలో కింద ఉన్న ఐజీఈ అంకెను కూడా తెల్లకణాలతో గుణించారు. లక్షల్లో వచ్చిన జవాబు చూసి భయపడి ఉత్తరాలు రాశారు. గుణించమన్నానే గాని ఎందుకు గుణించాలో నేను చెప్పలేదు. అందుకే మళ్ళీ అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇసినోఫిల్ ఒక రకం తెల్లకణం. శాతం అనేది వందలో దాని వాటా మాత్రమే కాబట్టి, మొత్తం ఎన్నో తెలిస్తే తప్ప అసలు సంఖ్య రాదు. ఐజీఈ కణం కాదు, రక్తరసంలో కరిగి ఉండే మాంసకృత్తి, అలర్జీల్లో, పురుగుల జబ్బుల్లో పెరిగే ఒక ప్రతిరక్షకం. కాగితం మీద ఉన్న అంకె ఒక మిల్లీలీటరులో ఎంత ఉందో నేరుగా చెబుతుంది. కొలత మార్చుకోవడం తప్ప దానితో చేయవలసిన లెక్క ఏదీ లేదు.

ఒక ల్యాబ్ 'మిల్లీలీటరుకు ఇంత యూనిట్లు' అని, మరొకటి 'లీటరుకు ఇంత కిలోయూనిట్లు' అని రాస్తే రెండూ ఒకటే. పైన వెయ్యి, కింద వెయ్యి కొట్టివేయండి. నానోగ్రాముల్లో ఇస్తే 2.4తో భాగించండి, యూనిట్లు వస్తాయి. 412 యూనిట్లు ఉన్నవారికి ఆ కాగితంలో 989 అని కనిపిస్తుంది. జబ్బు పెరగలేదు, కొలత మారిందంతే. ఐజీజీ అనే మరో ప్రతిరక్షకం మిల్లీలీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాములు ఉంటే, ఐజీఈ నానోగ్రాముల్లో ఉంటుంది. ఇంత తక్కువ కాబట్టే అయిదు రకాల ప్రతిరక్షకాల్లో చివరగా, 1960ల రెండో భాగంలో దొరికింది. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిచ్ వేర్వేరుగా కనుగొన్నారు.

ఈ పరీక్షకు పరగడుపున రక్తం ఇవ్వనక్కరలేదు. అలర్జీకి వాడే సెట్రిజిన్ ఆపనక్కరలేదు. ఆ మాత్ర తుమ్ములు, దురద తెప్పించే హిస్టమిన్ పనిని అడ్డుకుంటుంది, ఐజీఈని తగ్గించదు. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకు మాత్రం కొన్ని రోజుల ముందే ఆపమంటారు.

కాగితంలో అంకె పక్కన ముద్రించే హద్దు సాధారణంగా పెద్దవాళ్ళది, 100 లేదా 150. పుట్టిన బిడ్డలో ఐజీఈ దాదాపు ఉండదు. కౌమారం వరకు పెరుగుతూ, తరువాత మెల్లగా తగ్గుతుంది. ఏడాది లోపు బిడ్డకు 60 వస్తే ఆ హద్దుతో పోల్చి 'బాగానే ఉంది' అనుకోకండి. ఇంకో మాట: 800 ఉన్నవారు 400 ఉన్నవారికన్నా రెండింతలు బాధపడతారని లేదు. ఏ ఇబ్బందీ లేకుండా కొన్ని వందలున్నవాళ్ళు ఉన్నారు. 40 ఉండి తుమ్ములతో నిద్రలేనివాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే విషయం. మొత్తం ఐజీఈ ఎక్కువ రాగానే చాలామంది పెద్ద జాబితా పరీక్షకు వెళుతున్నారు. పాలు, గుడ్డు, వేరుశనగ, గోధుమ, రొయ్య, బొద్దింక, పుప్పొడి అన్నింటికీ విడివిడిగా ఐజీఈ కొలిచే పరీక్ష అది. అందులో 0.35 దాటినదల్లా 'ఉంది' కిందికి వస్తుంది. 'ఉంది' అంటే ఆ వస్తువును గుర్తించే ప్రతిరక్షకం రక్తంలో ఉందని మాత్రమే అర్థం. తింటే జబ్బు చేస్తుందని కాదు. ఈ రెండూ ఒకటనుకున్న ఒక తల్లి, తిరుపతిలోనే, నాలుగేళ్ళ బాబును తీసుకొచ్చి నాకు కాగితం చూపింది. వేరుశనగకు 0.62, పాలకు 0.41, గుడ్డుకు 0.9, ఇంటి దుమ్ములోని పురుగుకు 38. ఆ బాబు అంతకుముందు రెండేళ్ళపాటు రోజూ సంగటిలోకి వేరుశనగ పచ్చడి తిన్నాడు, ఒక దద్దురు కూడా రాలేదు. కాగితం చూసి అవన్నీ మాన్పించారు. ఆరు నెలలుగా బరువు పెరగలేదు. బాబు బాధ పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు కారడం. దానికి జవాబు 38 అన్న అంకెలో ఉంది, పరుపులో, దిండులో ఉంది. పళ్ళెంలో లేదు.

రొయ్యల సంగతీ ఇంతే. దుమ్ముపురుగులో, బొద్దింకలో, రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి దాదాపు ఒకేలా ఉంటుంది. దుమ్ము పడనివారి రక్తం రొయ్యనూ గుర్తుపట్టవచ్చు. ఇబ్బంది లేకుండా తింటున్నవారు కాగితం చూసి రొయ్యలు మానడం అనవసరం. హాయిగా తింటున్న ఆహారాన్ని పిల్లలకు, ముఖ్యంగా చూడడానికి గజ్జిలా ఉండే ఎగ్జిమా ఉన్న పిల్లలకు, చాలాకాలం మాన్పిస్తే తిరిగి పెట్టినప్పుడు నిజంగానే పడకపోయే ప్రమాదం ఉంది. తిన్న కొద్ది నిమిషాల్లో పెదవి వాచినా, దద్దుర్లు లేచినా, ఊపిరి అందకపోయినా మాత్రం అది వేరే కథ. వాళ్ళు ఇంట్లో తిని చూడకూడదు, అలర్జీ వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. ఇదే జాబితాను ఐజీజీతో చేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. దానికి డబ్బు పెట్టకండి.

ఐజీఈ పెరగడానికి అలర్జీ కాని కారణాలు కూడా మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తక్కువేమీ కాదు. చెరకు తోటల్లో, తడి మడుల్లో చెప్పుల్లేకుండా నడిచేవారికి కొంకిపురుగులు, స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నని పురుగు పాదాల గుండా ఎక్కుతాయి. ఈ రెండోది ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో నమ్మకంగా పోదు. అది ఒంట్లో ఉండగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఐజీఈ, ఇసినోఫిల్ రెండూ ఎక్కువున్నవారు దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కొనుక్కోకూడదని అందుకే పట్టుబట్టి చెబుతున్నాను. రాత్రిళ్ళు విడవని దగ్గు, ఇసినోఫిల్స్ 3,000 పైన, ఐజీఈ వెయ్యి పైన ఉంటే బోదకాలు పురుగు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు తలచుకుంటారు. ఏళ్ళ తరబడి ఉబ్బసం ఉండి ఐజీఈ 500 దాటితే ఆస్పర్‌జిల్లస్ బూజుకు పరీక్ష చేయించమని అడగండి. ఈ బూజు వల్ల వచ్చే జబ్బును క్షయ అనుకుని నెలల తరబడి మందులు వాడినవారు మన దేశంలో చాలామంది ఉన్నారు.

నా అలవాటు ఒకటి చెబుతాను. ఎవరు కాగితం తెచ్చినా ముందు బోర్లా పెడతాను. వయసు, బాధ ఏ వేళ వస్తుంది, ఏ పని చేస్తారు, చెప్పులు వేసుకుంటారా, ఏ మందులు వాడారు అని అడుగుతాను. ఆ జవాబులు కాగితం వెనక పెన్సిలుతో రాశాకే అంకె చూస్తాను.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమైనదే ఇస్తున్నాను.

ఏడేళ్ళ పాప, శ్రీకాళహస్తి దగ్గర పల్లె: ఐజీఈ 260, తెల్లకణాలు 8,000, ఇసినోఫిల్స్ 11 శాతం, పొద్దున తుమ్ములు, ఏడాదిగా పురుగుల మాత్ర వేయలేదు.

ముప్పై నాలుగేళ్ళ ఆమె, పదేళ్ళ ఉబ్బసం: ఐజీఈ 2,900, కఫంలో గోధుమరంగు ముద్దలు, ఒకసారి క్షయ క్రిమి పరీక్షలో కనబడకుండానే క్షయ మందులు వాడారు.

కుప్పం వైపు పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రంలో పనిచేసే ఆయన: ఐజీఈ 85, సీతాకోకలు గూళ్ళు చీల్చుకుని బయటికి వచ్చే రోజుల్లో మాత్రమే ఆయాసం.

ఒక్కొక్కరిని అడగవలసిన అయిదు ప్రశ్నలు రాయండి. జబ్బు పేరు ఎక్కడా రాయకూడదు. మొదటి కాగితంలో ఇసినోఫిల్స్ అసలు సంఖ్య, రెండో కాగితంలో ఐజీఈ నానోగ్రాముల్లో ఎంతో కట్టండి. మూడో కాగితంలో అంకె హద్దులోనే ఉంది కాబట్టి దాన్ని త్వరగా పక్కన పెట్టాలనిపిస్తుంది. దాని ప్రశ్నలే ముందు రాయండి.