డీఈపీ మినహాయింపు: ఎప్పుడు ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి

విండోస్ కంప్యూటర్‌లో పాత బిల్లింగు ప్రోగ్రామో, ఏళ్ల కిందట కొన్న టైపింగు సాఫ్ట్‌వేరో తెరిచిన మరుక్షణమే మూసుకుపోతుంటే, చాలామంది డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్ అనే రక్షణను, అంటే డీఈపీని, కంప్యూటర్ మొత్తానికీ ఆపివేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇబ్బంది పెడుతున్న ఆ ఒక్క ప్రోగ్రాముకు మాత్రమే మినహాయింపు ఇచ్చే వీలు విండోస్‌లోనే ఉంది. దానిని కూడా కారణం నిర్ధారించుకున్న తరువాతే వాడాలి.

మెమరీలో డేటా కోసం కేటాయించిన పేజీలలో, అంటే మెమరీని విభజించిన చిన్న భాగాలలో, ఉన్నదానిని ఆదేశాలుగా అమలు కానివ్వకపోవడమే డీఈపీ పని. బఫర్ ఓవర్‌ఫ్లో ద్వారా, అంటే కేటాయించిన చోటుకు మించి డేటాను నింపి, దాడి చేసేవారు తమ కోడ్‌ను స్టాక్, హీప్ అనే డేటా భాగాలలోకి చొప్పించి, ప్రోగ్రామును అటు మళ్లించడానికి ప్రయత్నిస్తారు కనుక, ఆ పేజీలను ‘అమలుకు పనికిరావు’ అని ముందే గుర్తించి ఉంచితే ఆ దారి మూసుకుపోతుంది. ఈ గుర్తు, ప్రతి పేజీ వివరాలను ప్రాసెసర్‌కు చెప్పే పేజీ టేబుల్ ఎంట్రీలోని 63వ బిట్‌లో ఉంటుంది. దీనిని ఏఎండీ 2003లో తన 64 బిట్ ప్రాసెసర్లతో ఎన్ఎక్స్ పేరిట తీసుకురాగా, ఇంటెల్ ఎక్స్‌డీ అని పిలిచింది. విండోస్‌లో ఇది 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో మొదలైంది. విండోస్ 8 నుంచి ఈ సదుపాయం లేని ప్రాసెసర్ మీద విండోస్ ఇన్‌స్టాల్ కానే కాదు. తనిఖీ చేసేది ప్రాసెసరే కాబట్టి, దీనిని ఆపినంత మాత్రాన కంప్యూటర్ వేగం పెరుగుతుందని ఆశించనక్కరలేదు.

ముందుగా చేయవలసినది, ప్రోగ్రామును ఆపినది నిజంగా డీఈపీయేనా అని తేల్చుకోవడం. స్టార్ట్ మెనూలో, ప్రోగ్రాముల వైఫల్యాలను నమోదు చేసే రిలయబిలిటీ హిస్టరీని వెతికి తెరిచి, ప్రోగ్రాము ఆగిపోయిన రోజున కనిపించే ఎర్ర గుర్తు వివరాలు చూడండి. ప్రాబ్లమ్ ఈవెంట్ నేమ్ దగ్గర బీఈఎక్స్ (BEX) అనీ, ఎక్సెప్షన్ (ప్రోగ్రామును ఆపిన లోపం) కోడ్ సి0000005 అనీ, ఎక్సెప్షన్ డేటా 00000008 అనీ ఉంటే అనుమానం బలపడినట్లే. ఆ 8 అంకె చాలా ముఖ్యం: చదవబోయి ఆగిపోతే అక్కడ 0, రాయబోయి ఆగిపోతే 1 ఉంటాయి, అమలు చేయకూడని చోట అమలు చేయబోతేనే 8 వస్తుంది. ఎక్సెప్షన్ కోడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు, ఎందుకంటే సాధారణ మెమరీ తప్పిదాలకూ అదే కోడ్ వస్తుంది.

కారణం డీఈపీయే అని తేలినా, మొదట ఆ ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. అందులో పాత ప్లగిన్ ఏదైనా ఉంటే తీసివేసి చూడండి. ఎప్పుడూ సవ్యంగా నడిచే ప్రోగ్రాము ఒక ఫైలు తెరిచినప్పుడు మాత్రమే ఇలా ఆగిపోతే, ఆ ఫైలే దాడికి సాధనం కావచ్చు. అటువంటప్పుడు మినహాయింపు ఇవ్వడమంటే దొంగకు తాళంచెవి ఇవ్వడమే.

ఇవేవీ ఫలించకపోతే, అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో సిస్‌డీఎం డాట్ సీపీఎల్ (sysdm.cpl) అనే సిస్టమ్ సెట్టింగుల విండోను తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పర్ఫార్మెన్స్ కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కి, డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్ ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడ రెండు ఎంపికలు ఉంటాయి. విండోస్‌కు అత్యవసరమైన ప్రోగ్రాములకే రక్షణ ఇచ్చేది మొదటిది. మీరు ఎంచుకున్నవి తప్ప అన్నింటికీ రక్షణ ఇచ్చేది రెండవది. మినహాయింపుల జాబితా పనిచేసేది రెండవ దానితోనే. కనుక దానిని ఎంచుకుని, యాడ్ నొక్కి, ఆ ప్రోగ్రాము ఫైలును చూపించి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. ఇలా చేస్తే ఒక్క ప్రోగ్రాముకు రక్షణ తగ్గినా, అంతవరకు రక్షణ లేని పాత 32 బిట్ ప్రోగ్రాములు ఎన్నో దాని పరిధిలోకి వస్తాయి. నా దృష్టిలో ఇది లాభసాటి బేరం. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ వాడుతున్నవారిని రీస్టార్ట్ తరువాత అది రికవరీ కీ అడగవచ్చు కనుక, ఈ మార్పుకు ముందే దానిని దగ్గర ఉంచుకోవాలి. 64 బిట్ ప్రోగ్రాములను విండోస్ ఈ జాబితాలో చేరనివ్వదు.

ఏ ప్రోగ్రాముకు డీఈపీ ఉన్నదో టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్ ట్యాబ్‌లో అదే పేరుగల కాలమ్‌ను చేర్చుకుని చూడవచ్చు. కొత్త వెర్షన్ వచ్చిన రోజున జాబితాలో ఆ పేరు పక్కన ఉన్న టిక్కు తీసివేసి, మినహాయింపు లేకుండా నడుస్తుందేమో మళ్లీ పరీక్షించండి.

ప్రోగ్రాములు రాసేవారికి ఒక మాట. నడుస్తుండగా కోడ్ తయారుచేసుకునే ప్రోగ్రాములు ముందుగా చదవడానికీ రాయడానికీ మాత్రమే అనుమతి ఉన్న మెమరీని తీసుకుని, కోడ్ రాయడం పూర్తయ్యాక వర్చువల్ ప్రొటెక్ట్ అనే విండోస్ ఫంక్షన్ ద్వారా దానిని చదవడానికీ అమలు చేయడానికీ మాత్రమే అనుమతి ఉండేలా మార్చుకోవాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి, వచ్చిన ప్రతి ఎక్సెప్షన్‌నూ మింగివేసే హ్యాండ్లర్ పెట్టి ముందుకు నడిపించడం ప్రమాదకరం, ఎందుకంటే అప్పటికే చెడిపోయిన మెమరీతో ప్రోగ్రాము వినియోగదారుడి ఫైళ్లలోకి రాస్తూ పోతుంది. అమలు నిషేధం వల్ల వచ్చిన ఎక్సెప్షన్ అయితే, దానిని లాగ్‌లో నమోదు చేసి ప్రోగ్రామును అక్కడే ముగించాలి.